గోడ మీద జాజు గుర్తు: 1994 సూరత్ ప్లేగు, ఒక్క కేసూ రాని ఊరు

1994 సెప్టెంబర్ 25, ఆదివారం. పొద్దున ఎనిమిది కాకముందే సర్పంచ్ స్కూటర్ మీద మా క్వార్టర్ ముందుకొచ్చి ఆగాడు. దిగకుండానే చెప్పాడు: "డాక్టర్ సాబ్, సూరత్ పోయినోళ్లు తిరిగొచ్చిన్రు. ఊళ్లెకు రానియ్యలే. బడి కాడ కూసోబెట్టినం. మీరు చూసి చెప్తెనే లోపలికి."

అప్పుడు నేను వరంగల్ జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ని. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. ప్లేగు గురించి తెలిసిందంతా పుస్తకంలో చదివిందే. 1966 తర్వాత దేశంలో మనుషుల్లో ప్లేగు నిర్ధారణ కాలేదు కాబట్టి, మాకు ఆ పాఠం చెప్పినవాళ్లలో కూడా చాలామంది ప్లేగు రోగిని చూసి ఉండరు.

మామూలుగా కేస్ స్టడీ అంటే రోగి ఉంటాడు, పరీక్షలు ఉంటాయి, చికిత్స ఉంటుంది. ఇందులో ప్లేగు రోగి లేడు. ఆ ఊళ్లో ఒక్కరికీ ప్లేగు రాలేదు, పక్క ఊళ్లలోనూ రాలేదు. అయినా 14 ఇళ్లు ఆ ప్లేగుకు డబ్బు కట్టాయి, ఆఖరి ఇల్లు రెండేళ్లకు పైగా కడుతూనే ఉంది. ఆ తర్వాత ఈ ఉద్యోగంలో చికున్‌గున్యా, డెంగీ, స్వైన్‌ఫ్లూ, కోవిడ్ అన్నీ చూశాను. అంటువ్యాధి మనుషుల బతుకుల మీద, సంపాదన మీద ఎలా దెబ్బ కొడుతుందో నాకు అర్థమైంది మాత్రం ఈ రోగి లేని కేసులోనే. ఆ దెబ్బలో కొంత నా చేతులతో పడింది కాబట్టి కూడా రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

సూరత్‌లో ఏం జరిగింది

1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. మళ్లీ కంపిస్తుందేమోనన్న భయంతో చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి షెడ్లలో ఉన్నారు. పండిన ధాన్యాన్ని మాత్రం పాత ఇళ్లలోనే దాచుకున్నారు. మనిషి అలికిడి లేని ఇంట్లో గింజలు ఉంటే ఎలుకలకు అంతకన్నా ఏం కావాలి? మరుసటి ఏడు ఆగస్టు చివర్లో పక్కనే ఉన్న బీడ్ జిల్లాలోని మామ్లా అనే ఊళ్లో జ్వరం, గజ్జల్లో గడ్డలు మొదలయ్యాయి. అది గడ్డల ప్లేగు, ఎలుకల ఒంటి మీద ఉండి రక్తం పీల్చే చిన్న పురుగుల నుంచి సోకేది. సెప్టెంబర్ మూడో వారానికి గుజరాత్‌లోని సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు అంటూ మరణాలు బయటపడ్డాయి. ఇది దగ్గు తుంపర్ల ద్వారా మనిషి నుంచి మనిషికి పాకుతుంది. మందు ఆలస్యమైతే దాదాపు బతకరు. సకాలంలో ఇస్తే మాత్రం స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ లాంటి పాత మందులే నిలబెడతాయి.

1991 జనాభా లెక్కల ప్రకారం సూరత్ నగరంలో సుమారు 15 లక్షల మంది ఉన్నారు. అందులో పెద్ద భాగం పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లే. మగ్గాల కార్ఖానాల్లో, వజ్రాలు సానబెట్టే దుకాణాల్లో పనిచేసే ఒడిశా వాళ్లు, మరాఠీ వాళ్లు, మన తెలంగాణ పద్మశాలీలు. మరణాల వార్త పొక్కిన మూడు నాలుగు రోజుల్లోనే లక్షల మంది రైళ్లు, బస్సులు, లారీలు ఎక్కి ఊరు విడిచారు. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది క్లినిక్‌లు మూసి వెళ్లిపోయారు. నేను ఆ డాక్టర్లను తిట్టలేను. వాళ్లకూ ప్లేగు నాలాగే పుస్తకంలోదే. కానీ తెల్లకోటు వేసుకున్నవాడే తాళం వేసి వెళ్తుంటే కూలీవాడు ఆగి ఆలోచిస్తాడా?

చివరికి దేశం మొత్తం మీద లెక్క తేలింది 693 అనుమానిత కేసులు, 56 మరణాలు. మన దేశంలో క్షయతో అప్పట్లో ప్రతి రోజూ అంతకంటే చాలా ఎక్కువ మంది చనిపోయేవారు. ఆ మాట అప్పుడు చెప్పినా వినేవాడు లేడు.

బడి దగ్గర

నేను వెళ్లేసరికి బడి వరండాలో 19 మంది మగవాళ్లు, కొందరు ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని ఉన్నారు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో, భుసావల్, వార్ధా మీదుగా, చాలామంది నిలబడే వచ్చారు. సూరత్ నుంచి వరంగల్ వరకు కూర్చోవడానికి జాగా లేదన్నారు. ఒకతని చేతిలో తాళంచెవి ఉంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. ఎనిమిది మంది కలిసి అద్దెకున్న గది తాళం అది. లోపల బట్టలు, స్టవ్వు, గిన్నెలు అన్నీ వదిలేసి వచ్చారు. "పగార్ తీసుకున్నారా అన్నా?" అని అడిగాను. "ఏడ సార్, సేఠే ఉర్కిండు" అన్నాడు.

దూరం నుంచి చూస్తే నేను చేసిందంతా పద్ధతిగానే ఉంటుంది. ప్రతి ఒక్కరికీ జ్వరం చూశాను, ఛాతీ విన్నాను, గజ్జలు, చంకలు పరీక్షించాను, రోగితో ఒకే గదిలో ఉన్నారా అని అడిగాను. ఊపిరితిత్తుల ప్లేగు సోకితే సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది కాబట్టి ఏడు రోజులు పరిశీలనలో పెడితే చాలు. ఉన్నంతలో టెట్రాసైక్లిన్ ఇచ్చాను. ముగ్గురికి జ్వరం ఉంది. ఒకరి రక్తపు పూతలో మలేరియా తేలింది, మిగతా ఇద్దరికీ జలుబు. ఒకతనికి బాగా దగ్గు ఉంది, జ్వరం లేదు. అతని సంగతి తర్వాత చెప్తాను.

ఎక్కడ ఉంచాలన్న దగ్గర వాదన మొదలైంది. సర్పంచ్ బడిలోనే ఉంచమన్నాడు. చిన్నపిల్లలు, ఒక గర్భిణి ఉన్నారు, మరుగుదొడ్డి లేదు, వంట జాగా లేదు. నేను ఒప్పుకోలేదు. ఎవరిళ్లలో వాళ్లుంటారు, ఏడు రోజులు బయటికి రారు, మా హెల్త్ వర్కర్ రోజూ వెళ్లి చూస్తాడు అని చెప్పాను. ఊరు ఒప్పుకోవడానికి ఒక షరతు పెట్టింది: ఎవరిళ్లకు సూరత్ మనుషులు వచ్చారో అందరికీ తెలియాలి. ఆ సాయంత్రం డప్పు కొట్టి చాటింపు వేశారు.

అప్పుడే నేను ఆ గుర్తు గురించి చెప్పాను.

జాజు గుర్తు

మలేరియా పనిలో ఇంటి గోడ మీద రాసే అలవాటు మాకు ముందునుంచీ ఉంది. ఏ తారీఖున వచ్చారో, మందు కొట్టారో లేదో తలుపు పక్కన రాసి వెళ్తారు. సూపర్‌వైజర్ వచ్చి ఇంట్లోవాళ్లను లేపకుండానే పని జరిగిందో లేదో చూసుకుంటాడు. ఆ అలవాటు కొద్దీ మా వర్కర్‌కు చెప్పాను: ఆ 14 ఇళ్ల తలుపుల పక్కన "సూ" అని, వచ్చిన తారీఖు, కింద ఏడు గీతలు. రోజూ జ్వరం చూశాక ఒక గీత కొట్టేయాలి. అతను జాజు, అంటే ఎర్రమట్టి, కలిపిన నీళ్లతో, పుల్లకు గుడ్డ చుట్టి, చక్కగా రాశాడు. పనిమంతుడు. ఏడు రోజులూ ఒక్క ఇల్లు కూడా తప్పలేదు.

అక్టోబర్ 2న ఏడో గీత కొట్టేశాడు. ఎవరికీ ఏమీ లేదు. నేను జిల్లాకు రిపోర్ట్ పంపాను: అనుమానిత కేసులు లేవు, పరిశీలన పూర్తయింది. నా వరకు ఫైల్ మూసేశాను.

గోడ మీద గుర్తు మాత్రం అలాగే ఉంది. కొట్టేసిన గీతలకు అర్థం నాకు, మా వర్కర్‌కు తెలుసు. ఊరికి తెలిసింది ఒక్కటే: ఇది సూరత్ ఇల్లు. పత్తి ఏరడానికి కూలీలను పిలిచే రోజులవి. ఆ ఇళ్ల వాళ్లను ఎవరూ పిలవలేదు. దుకాణదారు ఉద్దెర ఆపేశాడు, నగదిచ్చినా దూరం నుంచి పొట్లం పెట్టి పొమ్మనేవాడు. బోరింగు దగ్గర వాళ్ల బిందె చివరికి జరిగింది. బడికి వెళ్లిన పిల్లలను వేరే వరుసలో కూర్చోబెట్టారు.

ఆ వారంలోనే బతుకమ్మ మొదలైంది. మూడో రోజో నాలుగో రోజో సాయంత్రం నేను అటుగా వెళ్తుంటే, గుడి ముందు పెద్ద వలయంలో ఆడవాళ్లు ఆడుతున్నారు. కొంచెం పక్కగా, వేపచెట్టు కింద, నలుగురైదుగురు ఆడవాళ్లు తమ బతుకమ్మలను నేల మీద పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆడటం లేదు, వెళ్లిపోవడమూ లేదు. వాళ్లలో ఒక పెద్దామె నన్ను చూసి దగ్గరికొచ్చింది. ఆమె ఇద్దరు కొడుకులూ సూరత్ నుంచి వచ్చినవాళ్లే.

"బిడ్డా, మా పోరగాండ్లకు ఏం రోగం లేదని నువ్వే చెప్పినవు గదా?"

"లేదమ్మా. ఏడు రోజులు అయిపోయినయి. మీరు మామూలుగానే ఉండొచ్చు."

"మరి ఆ రాత ఎందుకు తుడుపలే? నీ రాత ఉన్నన్ని దినాలు మమ్ముల ఎవలు పిలుస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. తుడిపేయమని వర్కర్‌కు చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. రాయడానికి ఆర్డర్ ఇచ్చాను, తుడవడానికి ఇవ్వలేదు. మరుసటి రోజు మేం వెళ్లేసరికి ఆమె దసరా సున్నం వేసే పని మొదలుపెట్టి, అన్నింటికంటే ముందు ఆ జాగాకే సున్నం కొట్టింది. ఒక్క పూతకు జాజు ఆగదు. గులాబీ రంగులో "సూ" కనబడుతూనే ఉంది. రెండో పూత, మూడో పూత వేసింది. ఆ వీధిలో మిగతా గోడలన్నీ ఒక పూతవి, ఆ జాగా ఒక్కటే మెరిసిపోతోంది. దాంతో అదీ ఒక గుర్తే అయింది.

క్వారంటైన్‌కు శాస్త్రం చెప్పిన గడువు ఏడు రోజులు. జనం మనసులో అది మొదలవడానికి డప్పు, రాత, డాక్టర్ ఉన్నారు. ముగియడానికి ఏమీ లేదు. నా లెక్కలో ఏడు రోజులైన క్వారంటైన్ ఊరి లెక్కలో దీపావళి దాటి, కార్తీకం దాకా నడిచింది. ఇందులో ఊరివాళ్ల మూర్ఖత్వం ఏమీ లేదు. ఆ ఊళ్లో ముసలివాళ్లకు గత్తర (కలరా) వచ్చి ఇళ్లకు ఇళ్లు ఖాళీ అయిన రోజులు గుర్తున్నాయి. దూరంగా ఉండటమే అప్పుడు వాళ్లను బతికించింది. భయపడటం వాళ్లకు అనుభవం నేర్పింది. ఎప్పుడు మానేయాలో నేర్పాల్సింది నేను.

మనియార్డర్ల పుస్తకం

ఈ నష్టం ఎంతో నాకు అర్థం కావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది, అదీ అనుకోకుండానే. బ్రాంచి పోస్ట్‌మాస్టర్ బీపీ చూపించుకోవడానికి వచ్చేవాడు. ఒకరోజు మాటల్లో "ఈసారి నాకు పనే లేదు సార్, సూరత్ మనియార్డర్లు ఒక్కటి రాలే" అన్నాడు. అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ ఊరికి ఏ నెలలో ఎంత డబ్బు బయటి నుంచి వస్తుందో అతనికి తెలిసినట్టు మండలంలో ఇంకెవరికీ తెలియదు.

వివరాలు ఇవ్వకూడదు కాబట్టి అతను పేర్లు చెప్పలేదు, నేను అడగలేదు. నెల నెలా దాదాపు ఎన్ని వచ్చేవో మాత్రం చెప్పాడు. ఆగస్టు దాకా ఎప్పటిలాగే. సెప్టెంబర్‌లో సగం. అక్టోబర్‌లో, నవంబర్‌లో సున్నా. డిసెంబర్ చివర్లో ఒకటి. ఆ ఒక్క మనియార్డర్ కూపన్ మీద కొడుకు రాసిన రెండు లైన్లు ఆ తల్లి నాకు తర్వాత చూపించింది: మగ్గం దొరికింది, గది సామాను పోయింది, అప్పు మిత్తి ముందు కట్టు.

ఫిబ్రవరిలో మా ఏఎన్‌ఎమ్‌ను తీసుకుని ఆ 14 ఇళ్లకూ వెళ్లాను. అక్టోబర్‌లోనే వెళ్లాల్సింది. ఒక్కో ఇంట్లో అరగంట, గంట కూర్చుని డబ్బు ఎక్కడ పోయిందో అడిగాం. చాలామంది మొదట "ఏం లేదు సార్, మంచిగనే ఉన్నం" అన్నారు. అప్పు గురించి డాక్టర్‌కు చెప్పే అలవాటు ఎవరికుంటుంది? ఏఎన్‌ఎమ్ వాళ్ల ఊరి పక్క ఆడపడుచు. ఆమె వంటింట్లో కూర్చున్నాకే అసలు సంగతులు బయటికొచ్చాయి.

పోయిన డబ్బు ఒక్క చోట పోలేదు. సూరత్‌లో చేసిన పనికి రావాల్సిన పగార్ మొదటిది. మగ్గాల పని మీటర్ల లెక్కన కాబట్టి కాగితం ఉండదు, అడిగే ఆధారం లేదు. పైగా దీపావళి ముందు నెల బట్టల వ్యాపారానికి మంచి గిరాకీ ఉండే కాలం. ఏడాదిలో నాలుగు డబ్బులు ఎక్కువ చూసే ఆ నెలే పోయింది. ఊళ్లో కూలి దొరకలేదు. ఇంటి ఖర్చు ఆగదు, దసరాకు అల్లుడొస్తాడు, ఆడబిడ్డొస్తుంది. 14 ఇళ్లలో 11 ఇళ్ల వాళ్లు అప్పు చేశారు. మామూలుగా నూటికి రెండు రూపాయల మిత్తికి ఇచ్చే మనిషి ఈసారి మూడు అడిగాడు, "సూరత్ మళ్ల తెరుస్తదో లేదో ఎవలకెరుక" అని. మేకలు అమ్మినవాళ్లు తక్కువకే అమ్ముకున్నారు, ఎందుకంటే ఆ ఇంటి మేకను కొనేవాడు దొరకడమే కష్టమైంది. రెండు ఇళ్లలో పదకొండు, పన్నెండేళ్ల ఆడపిల్లలు బడి మానేసి, గుర్తు సంగతి తెలియని వేరే ఊరికి పత్తి ఏరడానికి వెళ్లారు. ఒకమ్మాయి మళ్లీ బడికి రాలేదు.

జనవరికల్లా మగవాళ్లు తిరిగి సూరత్ వెళ్లారు. వెళ్లినవాళ్లందరికీ పాత మగ్గం దొరకలేదు. ముందుగా తిరిగి వెళ్లినవాళ్లో, అసలు కదలనివాళ్లో ఆ మగ్గాల మీద ఉన్నారు. కొందరు భివండీ పోయారు, ఒకరు షోలాపూర్. ఆఖరి ఇంటి అప్పు తీరింది 1996 చివర్లో. ఏడు రోజుల పరిశీలనకు ఆ ఇల్లు రెండేళ్లకు పైగా మిత్తి కట్టింది.

దగ్గును దాచిన మనిషి

బడి దగ్గర దగ్గుతున్న మనిషి గురించి చెప్తానన్నాను. ముప్పై దాటిన మనిషి, బక్కగా ఉన్నాడు. దగ్గు రెండు నెలల నుంచి ఉందన్నాడు. ప్లేగు అంత నెమ్మదిగా నడవదు. క్షయ అయి ఉండొచ్చని నాకు అప్పుడే అనుమానం. ఏడు రోజులు కాగానే కఫం పరీక్షకు రమ్మని చెప్పాను. రాలేదు. ఇంటికి కబురు పెడితే లేడన్నారు. పత్తి చేనులో మంచె మీద పడుకుంటున్నాడని తర్వాత తెలిసింది. రాత్రి దగ్గితే వినబడుతుందని, వింటే తన ఇంటి గోడ మీద గుర్తు మళ్లీ పడుతుందని ఊరికి దూరంగా ఉన్నాడు. నవంబర్‌లో నెత్తురు కక్కుకుంటే ఎడ్లబండి మీద తెచ్చారు.

క్షయే. సూరత్‌లో మూడు నెలలు మందులు వాడి ఆపేశాడు. ప్లేగు భయం లేకపోతే అక్టోబర్ మొదటి వారంలోనే మందు మొదలయ్యేది. ఆ ఆలస్యంలో అతని చిన్న కొడుక్కి కూడా అంటింది. బాబు బతికాడు. ఆ తండ్రి బతికాడు కానీ మళ్లీ మగ్గం మీద నిలబడే ఊపిరి రాలేదు. ప్లేగు ఆ ఇంటి గడప తొక్కలేదు, కానీ ఆ ఇంట్లో సంపాదించే మనిషిని తీసేసింది. ఏ ప్లేగు రిపోర్టులోనూ అతని లెక్క లేదు.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు ఇదే పెద్ద ఎత్తున జరిగింది. గినియా, లైబీరియా, సియర్రా లియోన్‌లలో 11,000 మందికి పైగా ఎబోలాతో చనిపోయారు. ఆస్పత్రికి వెళ్తే ఎబోలా అంటారన్న భయంతో మలేరియా జ్వరాలవాళ్లు, కాన్పులవాళ్లు ఇళ్లలోనే ఉండిపోయారు. బడులు నెలల తరబడి మూసేశారు. ఆ వార్తలు చదువుతున్నప్పుడల్లా నాకు మంచె మీది మనిషే గుర్తొచ్చేవాడు.

పెద్ద లెక్క

అదే సమయంలో పైన దేశం స్థాయిలో ఏం జరిగిందో చూస్తే, ఆ ఊరి కథే పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. గల్ఫ్ దేశాలతో సహా చాలా దేశాలు భారత విమానాలను ఆపేశాయి, మన సరుకును వద్దన్నాయి. పర్యాటకులు రద్దు చేసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయాణాలు, వర్తకం ఆపమని చెప్పలేదు. అయినా ఎవరూ ఆగలేదు. దేశానికి జరిగిన నష్టం సుమారు 170 కోట్ల డాలర్లని అంచనా. 56 మరణాలకు 170 కోట్ల డాలర్లు. మరణాల సంఖ్యను బట్టి ఆర్థిక నష్టాన్ని ఊహించేవాళ్లు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 2003 సార్స్‌లోనూ అంతే. 774 మరణాలు, నష్టం వేల కోట్ల డాలర్లు.

ఆ 170 కోట్లలో ఎగుమతులు ఉన్నాయి, విమానాలు ఉన్నాయి, హోటళ్లు ఉన్నాయి. రాని మనియార్డర్ లేదు, నూటికి మూడు రూపాయల మిత్తి లేదు, బడి మానేసిన పిల్ల లేదు. ఆ డబ్బు ఏ ఖాతాలోనూ కనబడకుండా పోయింది కాబట్టి పరిహారం మాట ఎవరూ ఎత్తలేదు.

అసలు అది ప్లేగేనా అన్న వాదన చాలాకాలం నడిచింది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల కమిటీ పరిశీలించి, ప్లేగు క్రిమే కారణమని తేల్చింది. సూరత్ కూడా నిలదొక్కుకుంది. 1995 మే నెలలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన మన తెలుగు అధికారి ఎస్.ఆర్. రావు చెత్త, డ్రైనేజీ పనిని ఎంత గట్టిగా పట్టించుకున్నారంటే, రెండేళ్లు తిరక్కుండా ఆ నగరం దేశంలో శుభ్రమైన నగరాల్లో రెండోదిగా పేరు తెచ్చుకుంది. ఎవరైనా గర్వపడాల్సిన పని. మా 14 ఇళ్ల వాళ్లు మాత్రం తమ నష్టాన్ని తామే తీర్చుకున్నారు.

ఒక పోలిక నన్ను ఇప్పటికీ వదలదు. దగ్గును దాచిన మనిషి ఎందుకు దాచాడు? చెప్తే పని పోతుంది, ఊరు పోతుంది. దేశాలు కూడా సరిగ్గా ఇందుకే దాస్తాయి. 1991లో పెరూలో కలరా వచ్చినప్పుడు ఆ దేశం చేపల ఎగుమతులు దెబ్బతిన్నాయి. 1994లో మనకు విమానాలు ఆగిపోయాయి. ఇలాంటివి చూశాకే 2005లో అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను తిరగరాశారు, 2007 జూన్‌లో అమల్లోకి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన దానికి మించి ఏ దేశమైనా ప్రయాణాలను, వర్తకాన్ని పెద్దగా అడ్డుకుంటే దానికి శాస్త్రీయ కారణం చూపాలని అందులో ఉంది. అయినా 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్‌ను కనిపెట్టి వెంటనే ప్రపంచానికి చెప్తే, రోజుల్లోనే ఆ దేశానికి విమానాలు ఆపేశారు. ముందుగా చెప్పినవాడికే దెబ్బ పడితే, వచ్చేసారి ఎవరు ముందుగా చెప్తారు? ఊళ్లో అయినా ప్రపంచంలో అయినా నిఘా వ్యవస్థ నిలబడేది చెప్పినవాడికి నష్టం రాకుండా చూసినప్పుడే. ల్యాబులు, కంప్యూటర్లు ఎన్ని పెట్టినా దగ్గే మనిషి మంచె ఎక్కితే మనకు కేసు దొరకదు.

2020

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు లాక్‌డౌన్ ప్రకటించి, నాలుగు గంటల్లో అమల్లోకి తెచ్చారు. టీవీ చూస్తూ నాకు వచ్చిన మొదటి ఆలోచన సూరత్, భివండీ గదుల్లో ఉన్న మా జిల్లా వాళ్ల గురించే. మే నెలలో వాళ్లు తిరిగి రావడం మొదలయ్యాక, అప్పటికి జిల్లా స్థాయిలో ఉన్నాను కాబట్టి, మూడు పనులు చేయించగలిగాను, నాలుగోది నావల్ల కాలేదు.

హోం క్వారంటైన్ ఇళ్లకు పోస్టర్లు అంటించాలని ఒత్తిడి గట్టిగా ఉంది. చాలా చోట్ల అంటించారు కూడా. నేను మా సిబ్బంది సమావేశంలో ఆ జాజు గుర్తు కథ మొత్తం చెప్పాను. గోడ మీద ఉండాల్సిన ఏడు గీతలు మన సంచిలో ఉన్న రిజిస్టర్‌లో ఉంటే సరిపోతుందన్నాను. కొందరు విన్నారు, కొందరు వినలేదు. ఆ డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించకూడదని చెప్పింది. రెండోది, క్వారంటైన్‌లో పెట్టిన ప్రతి ఇంటికీ మొదటి రోజే ఆఖరి తారీఖు రాసిన కాగితం ఇచ్చాం. ఉద్దెర ఇవ్వనన్న దుకాణదారుకు, కూలికి పిలవనన్న రైతుకు చూపించుకోవడానికి. ఆశ్చర్యం ఏమిటంటే, చాలా ఊళ్లలో వాళ్లు కోవిడ్ రిపోర్ట్ కంటే ఆ కాగితాన్నే భద్రంగా దాచుకున్నారు. మూడోది, క్వారంటైన్ వార్త చెప్పిన మైకులోనే అది ముగిసిన వార్త కూడా చెప్పాలని సర్పంచులను అడిగాం. పేర్లు చదవకుండా "మన ఊళ్లో పరిశీలన గడువు అయిపోయింది, అందరూ పనులకు పోవచ్చు, పిలవొచ్చు" అని.

నావల్ల కానిది డబ్బు. క్వారంటైన్‌లో ఉన్న రోజులకు కూలి కట్టివ్వాలని రాసి పంపాను. బియ్యం వచ్చాయి, కొంత నగదు వచ్చింది, పోయిన కూలికి సరిపడా రాలేదు. అంటువ్యాధి అదుపుకు ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెడితే, అతను ఊరందరి కోసం పని మానేసినట్టు. ఆ రోజుల కూలి ఊరందరూ కట్టాలి, అంటే ప్రభుత్వం కట్టాలి. ఈ మాట నేను 1995 నుంచి రాస్తూనే ఉన్నాను, రాస్తూనే ఉంటాను.

2020 జూన్‌లో ఒక సాయంత్రం పాత ఊరికి వెళ్లాను. పంచాయతీ ఆఫీసు మీది మైకులో గడువు ముగిసిన వార్త చెప్తున్నారు. సున్నం కొట్టిన ఆ పెద్దామె ఎప్పుడో పోయింది. ఆమె పెద్ద కొడుకు ముంబై పక్క నుంచి మనవడితో పాటు తిరిగొచ్చి 14 రోజులు ఇంట్లో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి మా కాగితం తెచ్చి చూపించాడు. "రేపు నాటుకు పిలిచిన్రు సార్, ఇద్దరం పోతున్నం" అన్నాడు.